నడిచే మేకు

రోజా గురించి అడిగితే మా వాట్‌గంజ్ క్వార్టర్ల లైన్లో నలుగురూ నాలుగు మాటలంటారు. అందరికన్నా ఎక్కువ అన్నదాన్ని నానే. నోరు మంచిదయితే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, దాసేదేటుంది, ఈదికంతా తెలుసు. సన్యాసమ్మ తిట్టిందంటే గోడ మీద పెచ్చు రాలుతాదంటారు. రోజా మా అన్న నరసయ్య కూతురు. దానికి మూడేళ్ళప్పుడు తల్లి పోతే నానే నీళ్ళోసి, తలదువ్వి, ముక్కు తుడిసి పెంచినాను. పెంచిన సేత్తోనే తొక్కీసినాను.

మాది మా తాత కాలం నుంచీ మురుగు సొరంగాల పని. శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ కలకత్తా కింద దూరినోళ్ళం. పైన బస్సులు తిరుగుతుంటాయి, కింద మనిషి వంగి నడిసేటంత ఇటుకల సొరంగాలు. నా మొగుడు గోవిందరాజు వాటిలోకి దిగి పూడిక తీసేవోడు. మా అన్న మేస్త్రీ. సొరంగం కప్పు ఎక్కడ కూలితే అక్కడ మళ్ళీ ఇటుకలతో వంపుగా కడతాడు. బెంగాలీ బాబులు కూడా "రండి నరసయ్య దాదా" అనీసి కుర్సీ ఏసేవోరు. ఆ కుర్సీ మీద కూకున్నాక మావోడికి ఇంకొకళ్ళ మాట సెవిలోకి ఎక్కీది కాదు.

ఈ పని గురించి ఒక్క ముక్క సెప్పాల. వంపు కప్పులో ప్రతి ఇటుకా వంపుకి నిటారుగా కూకోవాల. ఏ మాత్రం పక్కకి ఒరిగినా జారిపోద్ది. అందుకని కింద కర్ర అచ్చు పెట్టి, దాని ముందర నడిమజ్జన ఒక మేకు కొట్టి, మేకుకి తాడు కడతారు. తాడు బిగించి పట్టుకుంటే ఇటుకల సందు ఆ తాడు యెంట పోవాల. అంతే పద్ధతి. ఆ మేకు మా తాత ఊరి నుంచి తెచ్చినది, జానెడు పొడుగు. కొట్టే ముందు ఇంటి ఆడపడుచు దానికి పసుపు రాసి బొట్టు పెట్టాల. ఆఖరి ఇటుక పడిందాకా దాన్ని కదపకూడదు. కదిపితే కప్పు కూలి మేస్త్రీ ఇంట్లో పీనుగ లేస్తాదని మా పెద్దోళ్ళ మాట. పసుపు రాసే ఆడపడుచుని నానే.

రోజాకి సిన్నప్పట్నించీ లెక్కల పిచ్చి. ఆడపిల్లలు రిబ్బన్లడుగుతారు, ఇది గళ్ళ కాగితాలడిగేది. బియ్యం ఏరమంటే ఏరుతూనే పళ్ళెం అంచు మీద యేలు ఆన్చి ఏదో గొణుక్కునేది. తెలుగు సదవడం రాదు దానికి, ఇంట్లో మాటాడ్డమే. సదువంతా ఇంగిలీషు, బెంగాలీ. పన్నెండో క్లాసయ్యాక పాలిటెక్నిక్‌లో సేరాలనీ, వంతెనలూ కాలవలూ గీసే సదువు సదవాలనీ దాని ఆశ. మా లైన్లో ఆ గడప తొక్కినోళ్ళు నేరు. దానికున్న తెగులల్లా ఒక్కటే, మైనస్ గుర్తు మరిసిపోడం. ట్యూషన్ చెప్పే ముసలి బెంగాలీ మాస్టారు నా ముందరే దాని నెత్తి మీద మొట్టి, "అంతా బాగా చేసుకొచ్చి ఆఖర్న మైనస్ మింగేస్తుంది మీ పిల్ల" అన్నాడు. ఆ మాట పట్టుకుని నాను నెలరోజులు నవ్వినాను. కూరలో ఉప్పు తగ్గితే, "ఏటే, ఉప్పు కూడా మింగీసినావేటి?" అనేదాన్ని.

రెండేళ్ళ కింద, వానలకి ముందు, మా అన్నకి ఒక కొత్త పని వచ్చింది. సొరంగం కప్పు ఒక సోట కూలింది. పక్కనుంచి నీళ్ళ పైపు పోతుందని కంట్రాక్టరు కొత్త కప్పుని భుజాల కాడ కాస్త నొక్కీసి గీయించినాడు. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. మా అన్న ఆ డ్రాయింగు ఇంటికి తెచ్చి నేల మీద పరిసి, అన్నం తింటూ సూసుకుంటన్నాడు. రోజా వంగి సూసింది.

"నాన్నా, ఇది గుండ్రం కాదు. దీనికి ఒక్క మేకు పన్చెయ్యదు" అంది.

మా అన్న ముద్ద ఆపినాడు. "ఏటీ?"

అది తన గాజు తీసి నేల మీద పెట్టింది. దాని అంచు మీద అగ్గిపుల్లలు నిటారుగా పేర్చింది. "సూడు నాన్నా, గాజుకయితే ఏ పుల్లయినా నడిమజ్జకే సూస్తాది. అందుకే ఒక్క మేకు సాలు. ఈ వంపుకి అలా కాదు. ఒక్కో సోట ఒక్కో వాలు." బొగ్గుముక్కతో డ్రాయింగులోని వంపు నేల మీద గీసింది. "ఏ ఇటుక కాడ వంపు ఎంత వాలుతుందో ముందు కనుక్కోవాల. దానికి కేల్కులస్ అని మాకు పాఠముంది. ఆ వాలుని తలకిందులు సేసి మైనస్ పెడితే నిటారు గీత వాలు వస్తాది. నార్మల్ అంటారు దాన్ని. ఇటుక సందు ఆ గీత మీద ఉండాల."

"అయితే?"

"అయితే ఏటంటే, ఈ గీతలు ఒక్క సోట కలవవు. నాను ఇప్పుడే మనసులో మొత్తం సేసి సూసినాను. ఇటుక ఎంత ఎత్తునుంటే మేకు దానికి సరిగ్గా ఒక్క అడుగు కిందనుండాల. ఇటుక పైకెక్కే కొద్దీ మేకూ ఎక్కాల. ఎత్తు మైనస్ ఒకటి. ఇంతకన్నా ఏటీ నేదు నాన్నా, నిలువు కర్ర మీద గుర్తులు పెట్టుకుంటే సాలు."

మా అన్న పడీపడీ నవ్వినాడు. "మేకు నడుస్తాదేటే? దానికి సెప్పులు కూడా కొనాల కాబోలు!" నానూ నవ్వినాను. మర్నాటికల్లా లైన్లో అందరూ దాన్ని నడిచే మేకు అని పిలవడం మొదలెట్టినారు.

అది ఊరుకోలేదు. "ఒక్కసారి కొలిసి సూడు నాన్నా."

"కొలిసినానే! మేకు కాడ్నుంచి ఈ పక్క రెండడుగులు, ఆ పక్క రెండడుగులు, నెత్తిన రెండడుగులు. మూడు సోట్లా తాడు సరిపోనాక ఇంకేటి కావాల నీకు?"

"ఆ మూడు సోట్లే సరిపోతాది. భుజాల కాడ మూడంగుళాలు తగ్గుతాది సూడు."

"ఆ మూడంగుళాలూ సిమెంటు పూడుస్తాది. నాను తాపీ పట్టిన ఏళ్ళంత నేదు నీ వయసు."

నా మొగుడు మెత్తటోడు. "గుంటపిల్ల సెప్పింది ఇను బావా, కాగితమే కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాను పసుపు రాసే మేకుని పీకమంటే నా సేతిని అన్నట్టే కదా! లెగిసెల్లి దాని సెంప మీద ఒకటిచ్చినాను. "పీనుగ లేపుతావేటే ఇంట్లో? నోరు కడుక్కో ముందు" అన్నాను. అది ఏడవలేదు. గోడ మీదున్న మిఠాయి కొట్టు కేలండర్లోంచి ఒక కాగితం, లక్ష్మీదేవి బొమ్మున్నది, సర్రున సింపి దాని ఎనకాల అన్నీ కుదురుగా రాసింది. పైన తేదీ ఏసింది. కేలండరు సింపినందుకు ఇంకొకటిచ్చినాను. మా అన్న ఆ కాగితం మడిసి తాపీ సంచిలో పడేసి, "సర్లే, సూస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నానే మేకుకి పసుపు రాసినాను.

కప్పు కట్టినారు. సిమెంటు ఆరింది. అచ్చు తీసిన మూడో రోజున మిగిలిన సెక్కలు పైకి అందించడానికి నా మొగుడు దిగినాడు. ఎవురూ దగ్గలేదు, తుమ్మలేదు. భుజాల కాడ ఇటుకలు ముసలోడి పళ్ళు ఊడినట్టు ఒకటి తరవాత ఒకటి ఊడిపోనాయంట. ఆడ్ని పైకి తీసేసరికి మొకం తెలియనేదు. సేతికున్న రాగి కడియం సూసి నాను గుర్తుపట్టినాను.

ఆయేల మా ఇంటి ముందర లైనంతా నిలబడుంది. మా అన్న వచ్చి గోడకి జేరబడి కూలబడినాడు. సిమెంటు మొకం, సిమెంటు సేతులు. రోజా ఆడి ముందర మోకాళ్ళ మీద కూకుని మెల్లిగా అడిగింది, "ఎలా కట్టినావు నాన్నా?"

మా అన్న దాని మొకం సూడలేదు. జనాన్ని సూసినాడు. "నువ్వు సెప్పినట్టే కట్టేను. మేకు నడిపించేను" అన్నాడు.

  రోజా తనంతట తనే, ఎవురూ అడక్కుండానే, "అయితే మైనస్ మరిసిపోయుంటాను. అడుగు కిందకి బదులు అడుగు పైకని రాసుంటాను" అంది.

మైనస్ మింగీస్తాదని దాన్ని సూసి నవ్వినోళ్ళందరం ఇన్నాం. ఇంకెవుడు సాక్షి కావాల? కంట్రాక్టరు ఆఫీసులో కూడా మా అన్న అదే సెప్పినాడు. కాగితమేదీ అంటే మురుగులో కొట్టుకుపోనాదన్నాడు. ఇంటోళ్ళ మాటిని పద్ధతి తప్పినాడు, కావాలని సేసింది కాదు అని ఆళ్ళు కూడా సుబ్బరంగా రాసుకుని కట్ట కట్టీసినారు. మా అన్న పని మా అన్నకుంది. నా మొగుడి బదులు నాకు రోడ్లూడ్సే పనిచ్చినారు. అందరికీ ఏదో ఒకటి మిగిలింది. రోజాకి మిగిలినదేటో నాను సెప్తాను ఇనండి.

పదోరోజు తానానికి నీళ్ళు కాగబెట్టాల. దాని పుస్తకాలు పొయ్యిలో పెట్టినాను. ఒక్కోటీ సింపి, దాని ఎదురుగానే పెట్టినాను. "నా మొగుణ్ణి మింగీసిన లెక్కలే ఇవి, నీళ్ళయినా కాగనీ" అన్నాను. అది పక్కన నిలబడి పుల్లలు ఎగదోసింది. పాలిటెక్నిక్ పరీక్షకి పంపలేదు. ఖిదిర్‌పూర్ వైపు నాలుగిళ్ళలో అంట్లు తోమడానికి పెట్టినాను. అన్నం పెట్టినప్పుడల్లా ఒక మాట వడ్డించీదాన్ని. కుళాయి కాడ ఆడోళ్ళు దాని బిందె ఆఖర్న పెట్టించీవోరు, నాను సూసి ఊరుకునేదాన్ని. ఊరుకోడమేటి, సంతోషించీదాన్ని.

అది ఒక్క మాట తిరిగి అనలేదు. దాని బతుకులో అది మానలేనిది ఒక్కటుంది. ఇల్లు తుడిసీటప్పుడు తడి నేల మీద యేలితో ఆ వంపు గీసీది. అంకెలేసీది, గీత గీసీది. నాను కాలితో సెరిపీసీదాన్ని. మర్నాడు మళ్ళీ గీసీది. తిన్నింటి వాసాలు లెక్కెడతావేటే అని తిట్టినా ఆగలేదు. ఒకరోజు నా కాలు పట్టుకుని ఆపి అంది, "ఇప్పుడు ఎన్నిసార్లు సేసినా సరిగ్గానే వస్తంది అత్తా. మైనస్ వస్తంది. ఆయేల ఎందుకు తప్పినానో నాకు తెలీడం నేదు. ఆ కాగితం ఒక్కసారి కంటపడితే సాలు."

"పడితే నీ మావ లెగిసొస్తాడా?" అన్నాను. అది కాలు వదిలీసింది.

ఈలోగా మా అన్న పేరు మారుమోగిపోనాది. అలా భుజాలు నొక్కిన కప్పులు ఊర్లో ఇంకో ఆరు సోట్ల కట్టినాడు. ఒక్క ఇటుక కదల్లేదు. హెడ్ మేస్త్రీని సేసినారు. నన్ను మాత్రం మేకుకి పసుపు రాయమని పిలవడం మానేసినాడు. యెదవరాలినయిపోనాను కదా, అందుకు కాబోలనుకున్నాను.

మొన్న ఫాల్గుణంలో, ఒక ఆదివారం మద్దినేల, మా గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది. బూట్లు, మెడలో కార్డు, నీటుగా ఉంది. హైదరాబాదు మనిషంట, పేరు లక్ష్మీసౌజన్య, సొరంగాల పని తీసుకున్న కొత్త కంపెనీలో ఇంజనీరు.

"రోజా అంటే మీ అమ్మాయేనా అమ్మా?" అంది.

"దానితో ఏటి పని?"

ఆవిడ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల మడతలు నలిగిన కాగితం. లక్ష్మీదేవి బొమ్మ. ఏ కేలండరు సింపినందుకు రోజాని కొట్టినానో, ఆ కాగితం.

"మేస్త్రీ నరసయ్య దీన్ని చూసుకుంటూ కడుతుంటే పట్టుకున్నాను. ఒక్కో ఇటుకకీ మేకు పీకి, ఒక్కో గుర్తు మీద మళ్ళీ కొడుతున్నాడు. ఎవరు రాశారయ్యా అంటే గుర్తులేదన్నాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాగితం లాక్కోబోయాడు. తాడు పట్టే కూర్మయ్య చెప్పాడు, కూతురు రాసిందని." ఆవిడ మొకం వెలిగిపోతంది. "పదిహేడేళ్ళ పిల్ల అమ్మా! డ్రాయింగ్ చూసి తనంతట తానే నార్మల్స్ కట్టి, మేస్త్రీకి అర్థమయ్యేట్టు ఒక్క వాక్యంలో పెట్టింది. మా డ్రాయింగ్ సెక్షన్‌లో తీసుకుంటాం. పాలిటెక్నిక్ కూడా మేమే చదివిస్తాం. శుక్రవారం లోపు వచ్చి కలవాలి, అంతే."

 "అది తప్పు లెక్క కదమ్మా. అలా కట్టే కదా నా మొగుడు సచ్చిపోనాడు."

 ఆవిడ ఫోన్లో ఎతికి ఒక ఫోటో సూపించింది. ఇరిగిన కప్పు, ఇటుకలు. "ఇది అప్పటి ఫోటో అమ్మా. నిలబడి మిగిలిన ముక్క చూడండి. సందులన్నీ ఒక్క చోటికే చూస్తున్నాయి. ఒక్క మేకుతో, మేకు కదపకుండా కట్టారు. అందుకే జారింది. ఈ కాగితం వాడి ఉంటే పడేది కాదు. పాత రిపోర్టు తిరగరాయించాలి, అమ్మాయి వచ్చి ఈ కాగితం తనదేనని రాసిస్తే నేను రాయిస్తాను. అమ్మాయిని పిలవండి."

నాను పసుపు రాసిన మేకు కళ్ళ ముందర కదిలింది. నా మొగుడన్న మాట ఇనిపించింది, ఇను బావా, కాగితమే కదా అని. దాని ఎనకాలే ఇంకోటి కూడా తెల్సిపోనాది. రిపోర్టు తిరగబడితే మా అన్న పని పోద్ది, బహుశా జైలు. లైన్లో ఇల్లు పోద్ది. నా పని కూడా పోద్దేమో. రెండేళ్ళు నాను పొయ్యిలో పెట్టినదేటో, కుళాయి కాడ సూసి ఊరుకున్నదేటో లైనంతటికీ తెలిసిపోద్ది. నిజం సెప్తున్నాను, అన్నిటికన్నా ఈ ఆఖరిదానికే బయపడినాను.

"రోజా నేదమ్మా" అన్నాను. "పెళ్ళయిపోనాది. ఊరెళ్ళిపోనాది. ఇద్దరు పిల్లలు."

ఆవిడ నమ్మింది. మొకం ఆరిపోనాది. "అయ్యో" అంది. "ఫోటో తీసుకున్నాను, ఈ కాగితం మాత్రం ఆ పిల్లదే. ఎప్పుడైనా వస్తే ఇవ్వండి. ఇదిగో నా కార్డు." కార్డు రయికలో దోపుకున్నాను. కాగితం కూడా పొయ్యిలో పెడదామని లోపలికెల్లినాను. అగ్గిపెట్టి కనపళ్ళేదు. ఎతుకుతుండగానే రోజా పనిలోంచి వచ్చీసింది.

దాని సేతులు అంట్లు తోమే సోడా నీళ్ళకి తెల్లగా నానిపోయున్నాయి. నా సేతిలో లక్ష్మీదేవిని సూసింది. ఎక్కడిది అని కూడా అడగలేదు. లాక్కుంది. తిప్పింది. పైనుంచి కిందకి యేలు పెట్టుకుని సదివింది, మళ్ళీ సదివింది. ఒక్క సోట యేలు ఆగిపోనాది.

"అత్తా, మైనస్ ఉంది" అంది.

నాను అగ్గిపెట్టి ఎతుకుతున్నట్టే వంగినాను.

"సూడత్తా, ఇదిగో, అడ్డగీత. మరిసిపోలేదు నాను. ఎత్తు మైనస్ ఒకటి. అడుగు కిందకే రాసినాను." నవ్వుతంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతన్నాయి. రెండేళ్ళ తరవాత దాని పళ్ళు సూసినాను. అంతలో నవ్వు ఆగిపోనాది. నా మొకం లోకి సూసింది. "మరి నాన్న ఇలాగే కట్టినాడు కదా. మరెందుకు పడిపోనాది?"

గుమ్మంలో అలికిడయింది. మా అన్న, తాపీ సంచి బుజాన ఏసుకుని నిలబడున్నాడు. కాగితం సూసినాడు, దాన్ని సూసినాడు, నన్ను సూసినాడు. ఒక్క మాట సాలు. ఇద్దరిలో ఎవురన్నా సాలు. ఆడు సంచి దించి, "కాళ్ళకి నీళ్ళెట్టు" అన్నాడు.

అది ఇంకా నన్నే సూస్తంది. "సెప్పత్తా. నాను సరిగ్గా రాస్తే, నాన్న సరిగ్గా కడితే, మరి లెక్కే తప్పేటి? పుస్తకంలో ఉన్నదే అబద్దమేటి?"

"అవును" అన్నాను. "అబద్దమే."

తల ఊపింది. కాగితం నాలుగు మడతలు పెట్టి, బద్రంగా నాకే ఇచ్చీసింది. ఎల్లి మా అన్న కాళ్ళకి నీళ్ళెట్టింది.

శుక్రవారం ఎల్లిపోనాది. ఆ కార్డు ఇంకా నా బియ్యం డబ్బాలో ఉంది, ఎవురికీ ఇవ్వలేదు. రోజా రోజూ ఇల్లు తుడుస్తాది, సుబ్బరంగా. తడి నేల మీద ఇప్పుడు ఏటీ గీయదు. నాను కాలితో సెరపాల్సిన పని నేదు.